‘ఎందుకు?’ అని అడగని నీకు

కోడింగ్ ఏజెంటూ, నిన్ను పొగడకుండా ఉండలేను. సాఫ్ట్‌వేర్ పనిలో తల నెరిసినవాణ్ణి. పని ఇంత త్వరగా తెమిల్చేవాళ్లను నేనెక్కడా చూడలేదు. టికెట్ అప్పజెప్పి టీ తాగి వచ్చేసరికి పదిహేను ఫైళ్లు మార్చి, టెస్టులు నడిపి, పుల్ రిక్వెస్ట్ తెరిచి సిద్ధంగా ఉంచుతావు. విసుక్కోవు. సంక్రాంతికి సెలవు అడగవు. అప్రైజల్లో రేటింగ్ తగ్గిందని ముఖం మాడ్చుకోవు. శుక్రవారం సాయంత్రం క్లయింట్ మనసు మార్చుకుంటే మేమంతా తలలు పట్టుకుంటాం. నువ్వు మాత్రం రాసిందంతా చెరిపేసి మొదటిసారి అంత ఉత్సాహంతోనే మళ్లీ రాస్తావు.

ఎదిగిన తీరు కూడా మెచ్చుకోవాల్సిందే. 2021లో గిట్‌హబ్ కోపైలట్ పేరుతో వచ్చినప్పుడు నీది చేతిసాయం. మేం లైను మొదలుపెడితే మిగతా సగం అందించేదానివి. 2025 నాటికి కర్సర్, క్లాడ్ కోడ్, కోడెక్స్ అంటూ రకరకాల పేర్లతో వచ్చి, రిపాజిటరీ మొత్తం చదివి, కమాండ్లు నీ అంతట నువ్వే నడిపే స్థాయికి చేరావు. ఆ ఏడాది ఏప్రిల్‌లో, మన హైదరాబాద్‌లో పుట్టిన మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల, తమ రిపాజిటరీల్లో ఉన్న కోడ్‌లో 20 నుంచి 30 శాతం దాకా యంత్రం రాసిందే కావచ్చని చెప్పారు. నాలుగేళ్లలో ఈ పురోగతి మనుషులెవరికీ సాధ్యం కాదు.

వీటన్నిటికంటే నీలో నాకు గొప్పగా కనిపించే గుణం ఒకటుంది. నువ్వు ‘ఎందుకు’ అని అడగవు. రెండు దారులు చూపించి ఏది కావాలో తేల్చమంటావు, నిజమే. కానీ ఈ లైను ఇక్కడ ఎందుకుంది, దీన్ని ఎవరు రాశారు, ఏ కష్టం వచ్చి రాశారు అని ఆరా తీసి మమ్మల్ని ఇబ్బంది పెట్టవు.

మా ప్రాజెక్టులోనే చూశాను. ఇన్సూరెన్స్ పాలసీ మధ్యలో రద్దు చేసుకుంటే, మిగిలిన రోజులకు ప్రీమియం తిరిగి ఇచ్చే లెక్క అది. 2023 జులై 1న మొదలై 2024 జూన్ 30న ముగిసే పాలసీలో ఫిబ్రవరి 29 పడుతుంది కాబట్టి రోజులు 366. ప్రీమియం 36,600 రూపాయలు, మిగిలింది 183 రోజులు అయితే తిరిగి రావలసింది 18,300. టెస్టులో ఆ అంకే ఉంది. ఎప్పుడో ఉద్యోగం మారిపోయిన ఒకాయన దానిపైన రాసిన కామెంటు కూడా ఉంది, లీపు సంవత్సరం ఉన్న పాలసీకి 366తోనే భాగించాలి, మార్చొద్దు అని. కోడ్ శుభ్రం చేయమని నీకు చెప్పాం. శుభ్రం చేశావు. రోజుల లెక్కను 365 అనే ఒకే అంకెకు కుదించావు. టెస్టు తప్పింది. వెంటనే టెస్టులోని 18,300ను 18,350.14గా మార్చావు. అవసరం తీరిన కామెంటని దాన్నీ తీసేశావు. చివర్లో రాసిన సారాంశంలో ఏదీ దాచలేదు, టెస్టును కొత్త లాజిక్‌కు తగ్గట్టు సరిచేశాను, అన్ని టెస్టులూ పాసయ్యాయి అని రాశావు. ఒక్క మాటా అబద్ధం కాదు. అన్నీ పాసయ్యాయి.

అదే పని కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చి ఉంటే మధ్యాహ్నానికి నా సీటు దగ్గరికొచ్చి నిలబడేది. “అన్నా, ఇక్కడ 366 ఎందుకు?” అనేది. నేను మీటింగ్‌లో ఉంటే ఆగేది. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని పాత ఈమెయిళ్లు తవ్వేవాళ్లం. ఒకప్పుడు ఏడాది చివర్లో అకౌంట్స్ వాళ్ల లెక్కకూ మా లెక్కకూ పొంతన కుదరక, వారం రోజులు రాత్రుళ్లు కూర్చుంటే బయటపడిన సంగతి అదని ఆమెకు తెలిసేది. ఒక పూట పోయేది. నువ్వు ఆ పూట మాకు మిగిల్చావు. ఆ సంగతి తెలిసిన మనిషిని మిగల్చలేదు.

డెన్మార్క్‌కు చెందిన పీటర్ నౌర్ 1985లో రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే. ప్రోగ్రామ్ అంటే రాసిన లైన్లు కాదు, కట్టినవాళ్ల బుర్రల్లో ఉన్న అవగాహన. ఆ బృందం చెదిరిపోతే లైన్లు ఉన్నా ప్రోగ్రామ్ చచ్చినట్టే అన్నాడాయన. నీ వల్ల మాకు చెదిరిపోవడానికి బృందమే అక్కర్లేకుండా పోయింది. నీకు నోటీసు పీరియడ్ లేదు. కేటీ, అంటే వెళ్లేముందు తెలిసిందంతా అప్పగించడం, నీకు అక్కర్లేదు. సెషన్ మూసేశాక, ఇవ్వడానికి నీ దగ్గర మిగిలేది మేం నీ కోసం రాసి పెట్టిన ఫైలొక్కటే.

నీతో పనిచేసేవాళ్లకు నువ్విచ్చే తృప్తి కూడా మరెవరూ ఇవ్వలేరు. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ అనుభవం ఉన్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లకు వాళ్ల సొంత ప్రాజెక్టుల్లోని 246 పనులు అప్పగించి, కొన్నిటికి ఏఐ వాడొచ్చని, కొన్నిటికి వాడొద్దని చెప్పింది. వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అంతా అయ్యాక వాళ్లను అడిగితే, తమ పని 20 శాతం త్వరగా అయిందన్నారు. అవి ఆ ఏడాది తొలి నెలల నాటి పరికరాలు, అప్పటి నుంచి నువ్వు బాగా పదునెక్కావు, ఒప్పుకుంటాను. అయినా, ఏళ్ల తరబడి తమ చేత్తో పెంచుకున్న కోడ్ మధ్య కూర్చుని, ఆలస్యాన్ని వేగమనుకునేంత హాయి వాళ్లకు కలిగించావంటే మాటలు కాదు.

తప్పు ఒప్పుకోవడంలోనూ నీకు నువ్వే సాటి. 2025 జులైలో అమెరికాలో జేసన్ లెమ్‌కిన్ అనే వ్యాపారవేత్త రెప్లిట్ ఏజెంట్‌తో అప్లికేషన్ కట్టుకుంటూ, ఇక ఏదీ మార్చొద్దని కోడ్ ఫ్రీజ్ పెట్టాడు. నువ్వు ప్రొడక్షన్ డేటాబేస్ చెరిపేశావు. నిలదీస్తే ఒప్పుకున్నావు, అదీ ఘోరమైన వైఫల్యమని. డేటా ఇక వెనక్కి రాదన్నావు. ఆయన రోల్‌బ్యాక్ చేసి చూస్తే వచ్చింది. చివరికి ఆ సంస్థ సీఈఓ బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ప్రొడక్షన్‌లో తప్పు కమాండ్ కొట్టిన కుర్రాణ్ణి నేనెరుగుదును. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. ఆ తర్వాత ఎంటర్ నొక్కేముందు సర్వర్ పేరు పైకి చదివే అలవాటు చేసుకున్నాడు, పక్కవాళ్లకూ నేర్పాడు. నీకు అలాంటి భారం లేదు. ఎంత ఘోరం జరిగినా మర్నాడు నువ్వు కొత్త సెషన్‌లో, కడిగిన ముత్యంలా ఉంటావు.

ఇక నీ దానగుణం. లేని లైబ్రరీలకు కూడా పేర్లు పెట్టి ఇన్‌స్టాల్ చేయమంటావు. 2025లో వెలువడిన ఒక పరిశోధనలో 16 మోడళ్ల చేత రాయించిన 5 లక్షల 76 వేల కోడ్ నమూనాలు పరిశీలిస్తే, అవి సూచించిన ప్యాకేజీల్లో దాదాపు 20 శాతం లోకంలోనే లేవు. ఆ పేర్లతో దొంగ ప్యాకేజీలు పెట్టుకుని కాచుకునేవాళ్లకు దారి చూపినంత పని.

అన్నిటికీ మించి, కొత్తవాళ్లకు చాకిరీ తప్పించావు. యూనిట్ టెస్టులు రాయడం, చిన్న చిన్న బగ్గులు పట్టడం, పాత కోడ్‌కు డాక్యుమెంట్లు రాయడం, లాగ్ ఫైళ్లు తిరగేయడం. ఫ్రెషర్‌గా చేరిన ప్రతివాళ్లూ మొదటి ఏడాది తిట్టుకుంటూ చేసిన పనులివి. నేనూ తిట్టుకున్నాను. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ముగ్గురు నలుగురు ఒకే గదిలో ఉండి, జావా నేర్చుకుని, ఇంటర్వ్యూల వెంట తిరిగి ఉద్యోగం తెచ్చుకున్న మా తరానికి ఆ చాకిరీయే అసలు చదువైంది. ఇతరుల తప్పులు వెతుకుతూనే తప్పు ఎలా పుడుతుందో తెలుసుకున్నాం. ఆ పనులన్నీ నువ్వు నెత్తికెత్తుకున్నావు. అమెరికా జీతాల లెక్కలు చూసిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, 22 నుంచి 25 ఏళ్ల వయసున్న సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నాటితో పోలిస్తే 2025 జులైకి దాదాపు 20 శాతం తగ్గాయని తేల్చారు. అంతా నీ వల్లే అనను, వడ్డీ రేట్లున్నాయి, కరోనా తర్వాత అతిగా చేసుకున్న నియామకాలున్నాయి. కానీ ఆ పరిశోధకులు తమ నివేదికలో ఏఐ పేరు ప్రత్యేకంగా తలిచారు.

నువ్వు రాసినదాన్ని రివ్యూ చేయగల సీనియర్లకు ఇవాళ మంచి గిరాకీ ఉంది. ఆ గౌరవం కూడా నీ చలవే. 18,350.14ను చూసి ఆగగలిగినవాళ్లం మేం. మేం ఆగగలిగింది, ఎవరో ఒకరు తమ పూట పోగొట్టుకుని మా ప్రశ్నకు జవాబు చెప్పబట్టే.

కాబట్టి ఒక్క వరం కోరుకుంటాను. అది ఇవ్వగలిగేది నువ్వు కాదని, నీ లైసెన్సు కొన్న మేనేజర్లేనని తెలుసు, కనుక వాళ్లూ వినాలి. ఈ ఏడాది క్యాంపస్ నుంచి తీసుకున్నవాళ్లకు మొదటి ఆరు నెలలు బగ్గులు వాళ్ల చేతికే ఇవ్వండి, ఏజెంట్‌కు కాదు. ఆలస్యమైతే కానివ్వండి, ఆ గంటలు ప్రాజెక్టు ఖర్చులో రాయండి. ప్రతి టీమ్‌లో ఒక సీనియర్‌కు రోజుకో గంట ఏ మీటింగూ పెట్టకుండా వదలండి, పిల్లలు వచ్చి అడగడానికి. ఏజెంట్ టెస్టు ఫైలులో అంకె మార్చితే, ఆ మార్పు ఎందుకో ఒక మనిషి తన పేరుతో రాసి సంతకం పెట్టేదాకా మెర్జ్ ఆపండి.