గేటు దగ్గరి రిజిస్టరును

నేను ఒక కార్యాలయం గేటు దగ్గర ఉండే సందర్శకుల రిజిస్టరును. వచ్చినవారి పేరు, ఊరు, ఎవరిని కలవాలి, వచ్చిన వేళ, వెళ్లిన వేళ అన్నీ నాలో రాస్తారు. భుజాన ఉన్న మూటలో ఏముందో రాయడానికి మాత్రం నాలో గడి లేదు. నకిలీ సరుకు ఆఫీసుల్లోకి చొరబడేది ఆ లోటు వల్లే అంటాను. జీతాలు పడే వారంలో 'పోచంపల్లి' పేరుతో దిగే చీరల మూటల్నే తీసుకోండి. బజారులో అయితే నాలుగు కొట్లు తిరుగుతారు, బిల్లు అడుగుతారు. ఇక్కడ పక్క సీటు ఆవిడ తీసుకుందని తీసుకుంటారు, పైగా వాయిదాల సౌకర్యం. గేటులో విచారించే పంపి ఉంటారన్న నమ్మకం వీటన్నిటికీ మూలం. ఆ నమ్మకం నాలో పెట్టిన సంతకంతో పుడుతుంది కాబట్టి బాధ్యతలో నాకూ వాటా ఉంది.

అసలేదో నకిలీ ఏదో గార్డుకెలా తెలుస్తుందని అడుగుతారు. పోచంపల్లి ఇకత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, తర్వాత నేస్తారు. అందుకే డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, దాని అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అచ్చు వేసిన గుడ్డను తిరగేస్తే రంగు చాలావరకు వెలవెలబోతుంది. మరమగ్గం మీద నేసిన ఇకత్‌ను ఈ పరీక్ష పట్టుకోలేదు, నిజమే. గార్డు నిపుణుడు కానక్కర్లేదు. సహకార సంఘం బిల్లో, చేనేత గుర్తింపు కార్డో చూసి ఆ వివరం నాలో రాస్తే చాలు.

పొట్టకూటికి తిరిగేవారిని ఆపడం అన్యాయం కాదా అన్న ప్రశ్న ఇంకా బరువైనది. అయితే ఇంటిల్లిపాదీ రోజుల తరబడి ముడులు కట్టి నేసిన చీర ధర, అచ్చు గుడ్డ పక్కన మోసంలా కనబడుతోంది. ఒకసారి మోసపోయిన ఉద్యోగి రేపు నిజమైన నేతగాడినీ నమ్మడు. అందరినీ గేటు బయటే నిలిపేస్తే నష్టపోయేది ఆ నేతగాడే. ఆధారం చూపినవారికి ఒక రోజు, ఒక గది కేటాయించడమే న్యాయం.

చట్టం లేకపోలేదు. పోచంపల్లి ఇకత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరును తప్పుగా తగిలించిన సరుకు అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కానీ అమ్మినవాడెవరో తెలియకపోతే ఫిర్యాదు ఎవరి మీద ఇస్తారు? అధికారులారా, అమ్మకానికి వచ్చినవారి చిరునామా, సరుకు, బిల్లు నంబరు నాలో రాయించండి. ఆధారం లేని మూటను లోపల విప్పనివ్వకండి.