రిగ్రెషన్ పర్వం

కావ్యమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండాలన్నారు పెద్దలు. నగరం, సముద్రం, రుతువు, చంద్రోదయం, జలక్రీడ, దండయాత్ర, ఇంకా అలాంటివి. నా దగ్గరున్నవి ఒక కీబోర్డు, చల్లారుతున్న ఒక కరక్ చాయ్, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్. వీటితోనే సర్దుకోవాలి. జలక్రీడ మాటకొస్తే, ఆగస్టు దోహాలో రోడ్డు దాటితే చాలు, దానంతటదే జరిగిపోతుంది.

ముందు నగరం. వెస్ట్ బే అద్దాల మేడల్లో సూర్యుడు తన ముఖం తానే చూసుకుని మురిసి, ఆ మురిపెంలో ఇంకో నాలుగు డిగ్రీలు పెంచే చోటు. ఆయన ప్రతాపం తెలిసే ఖతార్ ప్రభుత్వం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని నిషేధించింది. మేం మాత్రం ఏసీ చలికి స్వెట్టర్లు తొడుక్కుని యుద్ధం చేస్తాం. మిగతా వేళల్లో ఆ ఎండనే మోసే మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళ ముందు దీన్ని యుద్ధమనడానికి సిగ్గుపడాలి. పడ్డాను. కథలోకి వస్తాను.

యుద్ధకారణం ఒక గంట. 1971లో దోహాలో పుట్టిన ఒక పెద్దమనిషి జన్మసమయం మా లెక్కల్లో గంట జరిగింది. ప్రపంచంలోని చాలా కంప్యూటర్లు నమ్మే టైమ్‌జోన్ చిట్టాలో ఏషియా/ఖతార్ పద్దు తెరిచి చూస్తే, 1920 దాకా గ్రీనిచ్ కంటే 3 గంటల 26 నిమిషాల 8 సెకన్లు ముందు, ఆ తర్వాత నాలుగు గంటలు, 1972 జూన్ నుంచి మూడు. మేం సొంతంగా కాస్త మార్చుకున్న సర్వర్‌లోని ఫంక్షన్‌కు ఆ పాత నాలుగు తెలియదు. సృష్ట్యాది నుంచీ మూడే అనుకుంటోంది. దాన్ని దిద్దడానికి పట్టింది ఒక్క వరస. కానీ బగ్గులనే ఈ పురుగులది రక్తబీజుడి వంశం. ఇక్కడ చస్తే రెండు నెలల తర్వాత ఇంకెవరి చేతి చలవవల్లో అక్కడ లేస్తాయి. అందుకే చంపిన చోట ఒక కాపలావాణ్ణి నిలబెట్టాలి. ఆ కాపలావాడి పేరే రిగ్రెషన్ టెస్ట్.

కాపలావాడి కొలువు సులువైనదే. ఎస్‌క్యూఎల్ అనే అరలో ప్రశ్నలు. ఎక్స్‌పెక్టెడ్ అనే అరలో రావలసిన జవాబులు. సర్వర్ నిజంగా చెప్పినవి రిజల్ట్స్ అనే అరలో పడతాయి. చివరి రెంటికీ అక్షరం తేడా ఉన్నా ఓటమే. చాలామంది సర్వర్ చెప్పిందే తీసి ఎక్స్‌పెక్టెడ్‌లో పెట్టి, ఓసారి చూసి సరే అంటారు. నేను ఆ రోజు భీష్ముణ్ణి. జవాబుల్ని నా చేత్తో లెక్కగట్టి రాస్తానని శపథం పట్టాను. దోహాలో 1971 జనవరి 1 ఉదయం పదకొండు ఒకటి, 1973 జనవరి 1 ఉదయం పదకొండు ఇంకొకటి. రెండే ప్రశ్నలు, రెండే జవాబులు. రాసి, షెడ్యూలు పట్టీలో పేరెక్కించి, మేక్ చెక్ అని శంఖం ఊదాను.

ఆహా, ఆ సన్నాహం! సమస్త యంత్రానికీ సార్వభౌముడైన రూట్‌కు ఈ రణరంగంలో ప్రవేశం లేదు. ఆయన చేతి మీదుగా అయితే పోస్ట్‌గ్రెస్ లేవనే లేవదు, మామూలు ప్రజల్లో ఒకడై రావాలి. క్షణాల్లో ఒక గంధర్వనగరం వెలుస్తుంది. కొత్త సర్వర్, అందులో రిగ్రెషన్ అనే డేటాబేస్, యుద్ధం ముగియగానే అంతర్ధానం. సైన్యమా, రెండు వందల పైచిలుకు పరీక్షలు. అక్షౌహిణి అంటే 2,18,700 కనుక అందులో వెయ్యో వంతన్నమాట. టెస్ట్ సెటప్ ఒంటరిగా ముందు నడిచి నేల చదును చేస్తుంది, టెన్‌కే1 అనే పదివేల వరసల మైదానం పరుస్తుంది. వెనక గుంపులు గుంపులుగా మిగతావాళ్ళు. ఒక గుంపులో ఇరవైకి మించకూడదని ఆచారం. సత్యాసత్యాలు తేల్చే బూలియన్, నోట్లు లెక్కపెట్టే మనీ, దశాంశాలు దూసుకొచ్చే ఫ్లోట్8.

కొన్ని యంత్రాలు మైనస్ సున్నాను మైనస్ సున్నాగానే చూపిస్తాయి, కొన్ని ఉత్త సున్నా అంటాయి. శూన్యంలోనూ పక్షాలున్నాయని మన వేదాంతులకు ఎవరూ చెప్పలేదు పాపం. ఇలాంటి తగవుల కోసమే ఒక పరీక్షకు ఒకటికి మించి సరైన జవాబుల ఫైళ్ళు పెట్టుకోనిస్తారు. పాత సంచికల్లో రాండమ్ అనే పరీక్ష ఓడినా లెక్కలోకి తీసుకునేవారు కాదు. ప్రతి సేనలోనూ ఒక ఉత్తరకుమారుడు ఉండాలి కదా.

ఓకే, ఓకే, ఓకే అంటూ తెర మీద జయజయధ్వానాలు జారుతున్నాయి. ఇంతలో నా వీరుడి వంతు. నాట్ ఓకే.

తేడాల ఫైలు తెరిచాను. మొదటి జవాబు 1970 డిసెంబర్ 31, గురువారం, రాత్రి పదకొండు. పెద్దమనిషి పుట్టిన గంట సరిచేయబోతే ఏడాదే మారిపోయింది!

పక్క సీటు తమ్ముడు కుర్చీ దొర్లించుకుంటూ వచ్చాడు. నిజామాబాద్ పిల్లాడు. “అన్నా, గింత లొల్లి ఎందుకే? రిజల్ట్స్‌ల ఫైల్ తీస్కపోయి ఎక్స్‌పెక్టెడ్‌ల ఏస్తే అయిపాయె. అన్నీ ఓకే వస్తయ్.”

“వస్తాయిరా. అప్పుడు పరీక్ష రాసేదీ దిద్దేదీ ఒకడే అవుతాడు.”

“మా బడిల గట్లనే ఉండె,” అని మళ్ళీ దొర్లుకుంటూ వెళ్ళిపోయాడు.

అరగంట తలపట్టుకున్నాక తట్టింది. మేం కూర్చున్నది దోహాలోనే, యుద్ధం జరుగుతున్నది లాస్ ఏంజెలెస్ గడియారం మీద. ఏ దేశంలో నడిపినా జవాబులు ఒకలాగే రావాలని ఆ పరీక్షాయంత్రం అక్కడి కాలమానాన్నే బిగించేస్తుంది. పోస్ట్‌గ్రెస్ 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టింది, పుట్టింటి గడియారం వదల్లేదు కాబోలు. దోహా పదకొండు నాలుగు గంటల లెక్కన గ్రీనిచ్‌లో ఏడు, కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి పదకొండు. 1973 పదకొండయితే మూడు గంటల లెక్కన అక్కడ సరిగ్గా అర్ధరాత్రి. సర్వర్ సరిగ్గానే చెప్పింది. భీష్ముడే తప్పు చదివాడు. శపథం సడలించకుండా రెండు వరసలూ మళ్ళీ లెక్కగట్టి రాసి, శంఖం ఊదాను.

నాట్ ఓకే.

ఈసారి తేడా ఒక్క వరసలో. మైనస్ గుర్తుతో నా శీర్షిక, ప్లస్ గుర్తుతో సర్వర్ శీర్షిక. రెండింట్లోనూ అవే అక్షరాలు, అదే వరస. వాలి సుగ్రీవులు! చెట్టు చాటున విల్లెక్కుపెట్టి ఎవరిని కొట్టాలో తెలియక రాముడు ఎంత గింజుకున్నాడో నాకా సాయంత్రం అర్థమైంది. ఆయనకు గజపుష్పి మాల ఉపాయం తట్టింది. నాకు తట్టింది క్యాట్ ఆదేశం. దానికి పెద్ద ఏ తగిలిస్తే ప్రతి వరస చివరా ఒక డాలర్ గుర్తు వేలాడదీస్తుంది. వేయగానే రహస్యం బయటపడింది. సర్వర్ శీర్షికను మధ్యకు జరిపి, వెనక డజనుకు అటూ ఇటూ ఖాళీలు వదులుతుంది, డాలర్ ఎక్కడో దూరాన వేలాడుతోంది. నా శీర్షికకు మాత్రం మెడకే అంటుకుంది. ఆ ఖాళీలు నేనూ రాశాను. సేవ్ కొట్టగానే శుభ్రత పిచ్చి ఉన్న నా ఎడిటర్ వరసల చివరలన్నీ ఊడ్చిపారేసింది.

ఎడిటర్ చేతిలో చీపురు లాక్కున్నాను. ఖాళీలు మళ్ళీ పోశాను. మూడో శంఖం. ఓకే. చివరాఖరికి అన్నీ నెగ్గాయన్న ఒక్క వాక్యం, ఆ వెంటనే గంధర్వనగరం మాయం.

కింద రోడ్డు మీదకు అడుగుపెట్టగానే కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మింది. జలక్రీడ పూర్తయింది. రేపటి నుంచి శుక్ర, శనివారాలు సెలవు. జేబులో ఫోన్ మోగింది. అమ్మ.

“ఇప్పుడు మీకు టైమెంతయింది నాన్నా?”

వెంటనే చెప్పలేకపోయాను.