అధ్యక్షా! మా పనావిడ ఇంకా లోపలే ఉందట

మహారాజశ్రీ మా అపార్ట్‌మెంట్ల సంక్షేమ సంఘం అధ్యక్షులవారి దివ్యసముఖానికి,

బి బ్లాకులో కాపురముంటున్న ఒక ఫ్లాటు యజమానురాలు నమస్కరించి చేసుకునే మనవి. తమరు క్షేమంగా ఉన్నారనీ, తమరి కార్డు ఆనించిన ప్రతి తలుపు దగ్గరా పచ్చలైటే వెలుగుతోందనీ తలుస్తాను. జనరల్ బాడీ మీటింగులో తమరు ప్రొజెక్టరు పెట్టించి, డ్యుయల్ ఫ్రీక్వెన్సీ ఆర్ఎఫ్ఐడీ కార్డులంటూ కళ్ళు సగం మూసుకుని పలికి, ఇకమీదట మన ఆవరణలోకి చీమ దూరినా కంప్యూటరుకి తెలుస్తుందని సెలవిచ్చారు.

చీమ సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మాత్రం మొన్న రాత్రంతా లోపలే ఉందట.

పన్నెండున్నరకల్లా గిన్నెలు బోర్లించి వెళ్ళిపోయిన మనిషి కోసం రాత్రి పదిన్నరకి ఇంటర్‌కమ్ మోగింది. "మేడమ్, మీ మెయిడ్ ఇంకా అవుట్ పడలేదు." మధ్యాహ్నమే వెళ్ళిపోయింది బాబూ అన్నాను. "సిస్టమ్‌లో లోపలే చూపిస్తోంది మేడమ్." కాసేపటికి సూపర్‌వైజరూ, ఒక గార్డూ టార్చిలైటుతో వచ్చి తలుపు కొట్టారు. వంటింట్లో చూశారు, బాల్కనీలో చూశారు, వాషింగ్ మెషీను వెనకాల కూడా చూశారు. సరే, అంతవరకూ నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆవిడ గేటు దగ్గరికొస్తే ఎర్రలైటు. లోపలున్న కార్డు మళ్ళీ లోపలికి రాకూడదు కదా! దీన్ని యాంటీ పాస్‌బ్యాక్ అంటారనీ, ఒకే కార్డు మీద ఇద్దరు దూరకుండా ఇది గొప్ప ఏర్పాటనీ తమరే వివరించారు. ఎదురుగా మనిషి నిలబడి ఉంది. కార్డు చేతిలో ఉంది. గార్డుకి ఆ మొహం ఏళ్ళ తరబడి తెలుసు. అయినా లోపల ఉంది కాబట్టి లోపలికి రానివ్వరు. గంటకు పైగా నిలబెట్టారు. ఆలస్యమైందని సి బ్లాకులో వాళ్ళు ఆ పూట జీతం కోసేశారు. మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే "యాప్‌లో టికెట్ రెయిజ్ చేయండి" అన్నాడొక కుర్రాడు. ఎవరు చేయాలి? ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను!

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. మీ కంప్యూటరుకి తెలియనిది నేను చెబుతాను, వినండి. ఆ కార్డులో బ్యాటరీ ఉండదు. రీడరు విసిరే తరంగంలోంచే కాస్త శక్తి తీసుకుని తన నంబరు చెబుతుంది. అందులో యాంటెన్నాలు రెండు. ఒకటి 13.56 మెగాహెర్ట్జ్‌ది. లిఫ్టు దగ్గర, బ్లాకు తలుపు దగ్గర పనిచేసేది అది. నాలుగైదు సెంటీమీటర్ల దూరానికి తెస్తేగానీ పలకదు. రెండోది 865-867 మెగాహెర్ట్జ్‌ల మధ్య పనిచేసేది, కొన్ని మీటర్ల దూరం నుంచే దొరికిపోతుంది. టోల్‌గేట్ల దగ్గరి ఫాస్టాగ్‌దీ ఇదే జాతి. కానీ ఫాస్టాగ్ కారు అద్దానికి అంటుకుని రీడరుకి ఎదురుగా ఉంటుంది. మా పనావిడ కార్డుని గుడ్డపర్సులో పెట్టి బొడ్లో దోపుకుంటుంది, దాని ముందు స్టీలు క్యారేజీ ఊగుతూంటుంది. స్టీలు ఆ తరంగాన్ని తిప్పికొడుతుంది. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్ళే, ఆ నీళ్ళు మిగతాది మింగేస్తాయి. వచ్చేటప్పుడు గార్డు అడుగుతాడని కార్డు చేత్తో పట్టుకుంటుంది. పని చేసి అలిసిపోయి ఇంటికి పోయేటప్పుడు ఎవరు పట్టుకుంటారండీ? గేటు పైన వేలాడే మీ రీడరుకి అందుకే ఆవిడ కనబడలేదు. ఇంటరు పిల్లలకి అర్థమయ్యే సంగతి ఇన్ని లక్షలు పుచ్చుకున్న కంపెనీవాడికి తట్టలేదా? అడగాలని మీకు తట్టలేదా?

ఇటు ఇస్త్రీ అతని సంగతి చూడండి. బండి ప్రహరీ బయట గేటు పక్కనే ఉంటుంది, కార్డు బండికి వేలాడుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా అతను లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నట్టు మీ యంత్రం రాసింది. పాపం అతను ఉన్నచోటే నిలబడి మీ చొక్కాలు కూడా రుద్దుతున్నాడు. వెళ్ళిన మనిషి లోపల, నిలబడ్డ మనిషి నడకలో! ట్రాకింగంటే ఇదేనన్నమాట. రీడరున్న చోట కార్డు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఆ కార్డుని ఎవరు పట్టుకున్నారో దానికి అక్కర్లేదు. అమర్‌నాథ్ యాత్రికులకి 2022 నుంచి ఇలాంటి ట్యాగులు ఇస్తున్నారంటే అర్థముంది, అవి కొండలు, మంచు. మా ఇంటికి అంట్లు తోమడానికి వచ్చే మనిషి ఏ కొండల్లో తప్పిపోతుందని?

భద్రత అంటారా? 13.56లో మీరు కొన్నది ఏ రకం? మైఫేర్ క్లాసిక్ అయితే దాని రహస్య సంకేతాన్ని ఛేదించి చూపించి చాలాకాలమైంది. నెదర్లాండ్స్‌లో రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ పరిశోధన ప్రచురించకుండా ఆపమని తయారీ కంపెనీ కోర్టుకెక్కితే, 2008లో కోర్టు కుదరదు పొమ్మంది. ఏ రకమో చెప్పమని మన వాట్సాప్ గ్రూపులో అడిగితే మీరు దణ్ణం బొమ్మ పెట్టారు.

ఇక అదే గ్రూపులో మీరు పెట్టే రిపోర్టు. ఏ పనమ్మాయి ఏ బ్లాకులో ఎన్ని నిమిషాలుంది, ఎన్నిసార్లు కిందికి దిగింది, నెలకోసారి జాబితా! అందరి పేర్లతో! ఓనర్ల కార్డులూ అవే కార్డులు, అవే రీడర్లు. మరి ఓనర్ల జాబితా ఏది? అధ్యక్షులవారు క్లబ్‌హౌస్ పేకాట గదిలో ఎన్ని గంటలున్నారో మాకూ చూడాలని ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా చెప్పారు. అది ఫ్లాటు కొన్నవాళ్ళకే అని ఎక్కడా రాయలేదు.

లిఫ్టు గురించి కూడా అనాలి. నా కార్డుతో నా అంతస్తు తప్ప ఇంకోటి నొక్కనివ్వదు. ఎనిమిదో అంతస్తులో మంచాన పడ్డ పెద్దావిడకి కాస్త కొత్తావకాయ ఇద్దామంటే మెట్లే గతి, నా మోకాళ్ళకి ఆ మెట్లు పడవు. కార్డు పోతే ఐదువందలు కట్టాలట. పనివాళ్ళకి కూడా అదే ఐదువందలు.

అధ్యక్షుడు గారూ, మీతో పోట్లాడే ఓపిక నాకు లేదు. అడిగేది పెద్ద కోరికేం కాదు. బయటికెళ్ళే దారిలో నడుమెత్తున కార్డు ఆనించే రీడరొకటి పెట్టించండి, లిఫ్టు దగ్గరున్నలాంటిదే. కార్డులో ఆ సగం ఎలాగూ ఉంది, దానికీ డబ్బు కట్టాం. అదయ్యేదాకా మనిషి కళ్ళతో చూసి ఇన్, అవుట్ కొట్టే అధికారం గార్డుకివ్వండి. కోసిన పూట జీతం సంఘం నిధిలోంచి ఇప్పించండి. గ్రూపులోంచి ఆ జాబితా తీసేయండి. ఆవిడ నన్నొకటే అడిగింది, "నేనేం తప్పు చేశానమ్మా?" అని. నాకు జవాబు దొరకలేదు. మీకు దొరికితే మీరే చెప్పండి.

ఇది రాస్తూండగానే ఇంటర్‌కమ్ మళ్ళీ మోగింది. ఇవాళ కూడా ఆవిడ అవుట్ పడలేదట. రేపు ఏడింటికి వస్తుంది. దయచేసి ఈ రాత్రే గార్డుకి ఒక్క మాట చెప్పండి.

ఇట్లు,
మెయింటెనెన్సు బకాయి లేని ఒక ఫ్లాటు ఓనరు