రోటికేది పేరు?
(టీకాతాత్పర్య సహితము)

అవతారిక

ఒకానొక గృహస్థు గుంటూరులో పుట్టి, హైదరాబాదులో చదివి, సియాటిల్ శివారున పదకొండేళ్లు కంప్యూటరు కొలువు చేసి, కాపురం ఎత్తి ఉత్తరాన ఉన్న కెనడాకు మార్చే సందర్భంలో చెప్పిన ఆటవెలది ఇది. స్థలం వంటింటి నేల. కాలం రాత్రి పదకొండున్నర. చేతిలో ప్యాకింగ్ టేపు, చెవి సందున మార్కరు పెన్ను. కవి కాలాదుల గురించి ఇంతకంటే చర్చ అనవసరం. వ్యాఖ్యాత కూడా ఆ గృహస్థే కనుక కవిహృదయం అందలేదన్న నింద ఈ టీకకు రాదు. కవిహృదయం మీద కవి భార్యకు వేరే అభిప్రాయం ఉంది. దాన్ని పాఠాంతరం దగ్గర చూద్దాం.

మూలము

ఆ.వె. పెట్టె లన్ని కట్టి పేరు రాయఁగఁ బోవ
రోటి కేది పేరు రుసుము పుటను?
భాష యొకటె యైన బతుకు లొక్కటి గావు
వెనక వచ్చు సరుకు వెలకు రాదు

ప్రతిపదార్థము

పెట్టెలు + అన్ని = అట్టపెట్టెలన్నియు; కట్టి = టేపు చుట్టి; పేరు = లోపలి వస్తువుల నామధేయములను; రాయఁగఁ బోవ = పట్టికకు ఎక్కింప బూనగా; రుసుము పుటను = సుంకపు కాగితమునందు; రోటికి = అత్తగారిచ్చిన రోటికి; పేరు + ఏది = ఏమని పేరు?; భాష = ఇంగ్లీషు; ఒకటె + ఐన = ఇరుదేశములకు ఒక్కటే అయినను; బతుకులు = సంసారములు; ఒక్కటి + కావు = ఒక్క తీరున ఉండవు; వెనక వచ్చు సరుకు = తరువాత లారీలో రానున్న సామాను; వెలకు రాదు = ధర కట్టుటకు లొంగదు.

టీక

పెట్టెలన్ని కట్టి: ‘అన్ని’ అనడం అతిశయోక్తి. ఇల్లు మారినవాళ్లెవరూ పెట్టెలన్నీ కట్టి ఎరగరు. అయిపోయిందనుకున్నాక వంటింట్లో ఒక సొరుగు బయటపడుతుంది. అందులో పాత చార్జర్లు, సగం కాలిన పుట్టినరోజు కొవ్వొత్తులు, ఏ తాళానిదో తెలియని తాళంచెవి, తిరుమల కుంకుమ పొట్లం ఉంటాయి. వాటిని పెట్టెలో పెట్టలేక, పారేయలేక, చివరికి పాస్‌పోర్టుల సంచీలో వేసుకుంటారు. ‘కట్టి’ క్త్వార్థకం. కట్టడం ముగిశాకే రాయడం మొదలైందని దీనివల్ల తేలుతోంది. కవి చేసిన మొదటి తప్పు ఇదే. రాస్తూ కట్టాలి. కట్టాక రాయబూనితే ఎందులో ఏముందో చూడ్డానికి టేపు మళ్లీ కోయాలి. కవి ఇరవై మూడు పెట్టెలు కోశాడు.

పేరు రాయఁగఁ బోవ: కెనడాలో కాపురం పెట్టబోయేవాడు సామాను పట్టిక రాసి, రెండు ప్రతులు పట్టుకెళ్లాలి. మొదటి భాగం వెంట తెచ్చుకున్నవి, రెండో భాగం వెనక రానున్నవి. ప్రతి వస్తువుకూ వర్ణన, విలువ, ఉన్నచోట కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు. సరిహద్దు ఉద్యోగి దీన్ని చూసి బీఎస్ఎఫ్186 అనే పత్రం పూర్తిచేస్తాడు. పూర్వాశ్రమంలో దాని పేరు బీ4. సరుకు మన సొంతమై, మన స్వాధీనంలో ఉండి, మనం వాడినదై ఉంటే సుంకం లేదు. ఈ మూడూ కలిస్తేనే ‘సంసారపు సామాను’ అనే లక్షణం సిద్ధిస్తుంది. సీలు విప్పని కుక్కరుకు ఆ లక్షణం లేదు. అడుగు మాడిన గిన్నెకు నిస్సందేహంగా ఉంది. అలా సుంకం లేకుండా తెచ్చినదాన్ని పన్నెండు నెలల్లోపు అమ్మినా, ఇచ్చేసినా సుంకం మీద పడుతుంది.

నగలకు ఫొటోలు, వెలకట్టిన కాగితం ఉంటే మంచిదని చెబుతారు. అందుకని ఇల్లాలు తన కాసులపేరును దుప్పటి మీద పరిచి, పెళ్లినాడు కూడా తీయనన్ని ఫొటోలు తీసింది. ఇంత పట్టికలోనూ పేరును తనతోనే తెచ్చుకున్న వస్తువు కాసులపేరు ఒక్కటే. ఇక కారుది వేరే కాండ. అమెరికా వైపు దాని యాజమాన్య పత్రాన్ని దాటబోయే 72 గంటల ముందే అందించాలి. కెనడా వైపు రిజిస్ట్రార్ ఆఫ్ ఇంపోర్టెడ్ వెహికిల్స్ వారి తనిఖీకి నిలబెట్టాలి. గ్రంథవిస్తర భీతిచేత ఆ కాండను ఇక్కడ వదిలేస్తున్నాం.

రోటికేది పేరు: ఇది పద్యానికి జీవగర్ర. సోఫా, కుక్కరు ఇంగ్లీషులో ముందే ఉన్నాయి కనుక పట్టికలోకి నడిచి వెళ్లాయి. అట్లకాడను స్పాచ్యులాగా గెంటేశాం. కవ్వం దగ్గర కాస్త ఆగాల్సి వచ్చింది. ‘మజ్జిగ చిలుకు చెక్క పరికరం’ అనే అర్థం వచ్చేలా నాలుగు మాటలు రాశాం. పీటను ‘కూర్చునే బల్ల, ఎత్తు మూడంగుళాలు’ అన్నాం. దీన్ని చదివినవాడు మా ఇంట్లో మరుగుజ్జులున్నారనుకోవచ్చు. జంతికల గొట్టాన్ని ‘లోహపు గొట్టం, పిడులతో సహా’ అని రాసి, చదువుకుని, భయపడి కొట్టేశాం.

చివరికి రోలు. నల్లరాతిది. ఇల్లాలి పుట్టింటిది. పదకొండేళ్ల కిందట 23 కిలోల సూట్‌కేసులో 9 కిలోల చోటు ఆక్రమించి అమెరికా చేరింది. ఇంగ్లీషులో దీన్ని మోర్టార్ అంటారు. అదే మాటకు ఇటుకల మధ్య వేసే సున్నమనీ అర్థం ఉంది, ఫిరంగి అనీ అర్థం ఉంది. మూడో అర్థం తెలిశాక సరిహద్దు కాగితం మీద ఆ మాట రాయడానికి కవికి చెయ్యి రాలేదు. ‘రాయి; గుండ్రటిది; మధ్యలో గుంట; వంటకు’ అని 41వ వరుసలో రాశాడు. ఇది పేరు కాదు, పొడుపుకథ.

భాష యొకటె యైన: ఇక్కడ కవి ఒకటి దాచాడు. భాష ఒకటే అన్న సంగతిని కెనడా ప్రభుత్వం ఊరికే నమ్మదు. పదకొండేళ్లు ఇంగ్లీషులో మీటింగులు నడిపి, ఇంగ్లీషులో చీవాట్లు తిని, ఇంగ్లీషులోనే క్షమాపణ చెప్పుకున్నవాడు కూడా ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్ష రాయాల్సిందే. వినడంలో 8, చదవడం, రాయడం, మాట్లాడడంలో ఒక్కొక్క దాంట్లో 7 వస్తే అది సీఎల్‌బీ 9 అనే మెట్టు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస పద్ధతిలో పాయింట్లు పెరిగేది అక్కడ. కవికి మిగతావన్నీ వచ్చి, వినడంలో అర మార్కు తగ్గింది. మళ్లీ కట్టి మళ్లీ రాశాడు. ‘మీకు వినడం రాదని నేను పదిహేనేళ్లుగా చెబుతున్నానండీ’ అని ఇల్లాలు భాష్యం చెప్పింది.

పైగా ఒకటే అన్న ఆ భాష కూడా పూర్తిగా ఒకటి కాదు. గుంటూరు బడిలో ‘కలర్’ అనే మాటకు ‘యు’ పెట్టలేదని మాస్టారు చేతి మీద కొట్టారు. అమెరికా వచ్చాక ‘యు’ పెట్టానని కంప్యూటరు ఎర్రగీత గీసింది. కెనడాలో ‘యు’ మళ్లీ కావాలి. చివరి అక్షరం అక్కడ జెడ్, అమెరికాలో జీ, ఇప్పుడు తిరిగి జెడ్. కిలోమీటరు, లీటరు, సెల్సియస్, అన్నీ అయిదో తరగతి లెక్కల పుస్తకంలోంచి లేచి వచ్చాయి. తెలుగువాడికి ఈ వలస ఒక రకంగా పునశ్చరణ. అయితే కొత్త పాఠాలూ లేకపోలేదు. హైడ్రో బిల్లు వస్తే నీళ్ల బిల్లనుకుని ఇన్ని నీళ్లెవరు వాడారని కవి ఇంట్లో విచారణ జరిపించాడు. అది కరెంటు బిల్లు.

సియాటిల్ నుంచి ఐ-5 రహదారి వెంట పైకి వెళ్తే సరిహద్దు దగ్గర 1921లో ఎత్తిన పీస్ ఆర్చ్ అనే తెల్లటి తోరణం కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలని అమెరికా వైపు చెక్కారు. బిడ్డలు ఒక తల్లివాళ్లే, తోడికోడళ్లు వేరు. ‘బతుకు లొక్కటి గావు’ అన్నది దీన్ని ఉద్దేశించే.

వెనక వచ్చు సరుకు: సుంకం వారి పరిభాషలో ‘గూడ్స్ టు ఫాలో’కు ఇది మక్కికి మక్కి ఆంధ్రీకరణ. మొదటిసారి దాటినప్పుడే దీని పట్టిక ఇవ్వాలి. ఏమి రాబోతుందో ముందే చెప్పగలగాలి. కొందరు ఈ పదానికి ‘అత్తగారు’ అని అర్థం చెప్పారు. ఇల్లాలు వింటూండగా ఆ అర్థాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం. నిజానికి ఇక్కడ ధ్వని ఉంది. మూడడుగులు పెరిగిన కరివేపాకు మొక్కను పక్కింటి విజయనగరం వాళ్లకిచ్చి వచ్చాం. కెనడా చేరిన మూడోరోజు పోపు వేగుతుండగా ఇల్లాలు అలవాటుగా వెనక తలుపు తీసి పెరట్లోకి చెయ్యి చాపింది. అక్కడ మొక్క లేదు. అది అపార్టుమెంటు, నాలుగో అంతస్తు. చెయ్యి మాత్రం వెనకనుంచి వచ్చేసింది. దాన్ని ఏ వరుసలో రాస్తాం?

వెలకు రాదు: విలువ అనే గడి ప్రతి వరుసకూ ఉంది. రోటికి కవి ఇరవై డాలర్లు వేశాడు. ‘మా అమ్మ నూరింది దాంట్లో’ అని ఇల్లాలు. నలభై చేశాడు. ఆమె పెన్ను లాక్కుంది.

తాత్పర్యము

సామానంతా సర్ది పట్టిక రాయబోగా, రెండు దేశాలూ మాట్లాడే భాషలో మా వంటింటికి మాటలు చాలలేదు. వెనక వచ్చేవాటిలో సగం లెక్కకూ, మిగతా సగం ధరకూ అందలేదు అని భావం.

విశేషములు

‘సుంకపు పుట’ అనాల్సిన చోట ‘రుసుము పుట’ అన్నది ‘రోటి’తో యతి కుదరడానికి. ‘వ్రాయఁగ’ అంటే ముందున్న ‘రు’ బరువెక్కి గణం చెడుతుందన్న భయంతో ‘రాయఁగ’ అన్నాడు. బరువు పెరగకుండా చూసుకోవడం సామాను సర్దేవాడికి సహజమే. రెండు దేశాల్లోనూ కరెంటు 120 వోల్టులే కనుక అమెరికాలో కొన్న గ్రైండరు కెనడాలో మారుమాట లేకుండా తిరిగింది. కాబట్టి ‘బతుకు లొక్కటి గావు’ అన్న నియమానికి పిండి రుబ్బడం అపవాదం.

శంకలు, సమాధానములు

శంక: ఉన్న కొలువు విడిచి పోవడమెందుకు?
సమాధానం: హెచ్‌1బి వీసా మూడేళ్లు, మరో మూడేళ్లు. ఆపైన గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవాడికి పొడిగింపులు. ఉద్యోగపు గ్రీన్‌కార్డుల్లో ఒక దేశానికి ఏడు శాతమనే పరిమితి ఉంది కనుక భారతీయుల వరుస కదలదు. ఈలోగా పిల్ల పెరుగుతుంది. 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. మా అమ్మాయికి పద్నాలుగు. కవికి తీసివేతలు వచ్చు.

శంక: మిక్సీ ఉండగా రోలెందుకు?
సమాధానం: ఈ ప్రశ్న కవి కూడా అడిగాడు. అడిగి, ‘పైగా వాడిన సామానుకే సుంకం లేదు, దీన్ని వాడి ఏడాదైంది’ అని న్యాయశాస్త్రం కూడా జోడించాడు. ఇల్లాలు మాట్లాడలేదు. కట్టిన పెట్టె కోసి, రోలు తీసి కడిగి, రాత్రి పన్నెండు గంటలకు వేరుశెనగపప్పు, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి వేసి పచ్చడి నూరింది. పాత్రలన్నీ పెట్టెల్లో ఉన్నందున ముగ్గురం రోట్లోంచే ముద్దలు కలుపుకుని తిన్నాం. లక్షణం సిద్ధించింది. రోలును మాత్రం ఆమె లారీకి అప్పగించలేదు. కారులో తన కాళ్ల దగ్గరే పెట్టుకుంది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని టీకతో సహా చదివి సరిహద్దు దాటినవారికి ఆ నెలలో మిగిలిన రోజులూ, ఆపై రెండు నెలలూ జలుబు కూడా రాదు. రాకూడదు. బ్రిటిష్ కొలంబియాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా అంతవరకూ మొదలవదు.

అనుబంధము: పాఠాంతరము

మూడో పాదానికి మరొక పాఠం దొరుకుతోంది. దాని చరిత్ర ఇది.

సుంకం గదిలో బల్ల అవతల ఉన్న ఉద్యోగి తలపాగా కట్టిన పెద్దాయన. పట్టికలో వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చాడు. కవ్వం దాటింది. పీట దాటింది. 41 దగ్గర వేలు ఆగింది. ఈ రాయేమిటని ఇంగ్లీషులో అడిగాడు. పదకొండేళ్ల అనుభవం, సీఎల్‌బీ 9 కలిసినా కవి నోట మాట రాలేదు. మోర్టార్ అందామంటే ఫిరంగి అడ్డొచ్చింది. ఇల్లాలు ముందుకు వచ్చి, ఎడమచేతిని గిన్నెలా పట్టి, కుడి పిడికిలితో అందులో నాలుగు పోట్లు పొడిచి, ‘రోలు’ అంది, అచ్చ తెలుగులో.

ఆయన మొహం విప్పారింది. ‘కూండా!’ అన్నాడు, అచ్చ పంజాబీలో. తర్వాత తనూ పిడికిలి బిగించి బల్ల మీద రెండు పోట్లు పొడిచాడు. 41 పక్కన టిక్కు పడింది. ఇరవయ్యా నలభయ్యా అని ఎవరూ అడగలేదు.

కారెక్కాక ఇల్లాలు మిగిలిన ప్రతి తిరగేసి, వెనక రాసుకున్న నా పద్యం చదివి, మూడో పాదం కొట్టేసి పైన ఇలా దిద్దింది:

భాష వేరె యైన బతుకు లొక్కటె యగు

దారిపొడుగునా వేళ్ల మీద గణాలు లెక్కపెట్టాను. సరిపోయాయి. యతి కూడా కుదిరింది.