ఒకటికి నూట అరవై

జ్వరం ప్యాకేజీలు ఉద్దానం దాకా వచ్చేశాయి, ఇక మనకు ఏ లోటూ లేదు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళతారు, సాయంత్రానికి రిపోర్టు ఫోన్లో పడుతుంది, పైగా డిస్కౌంటు. అందులో డెంగీ, మలేరియా, ప్లేట్‌లెట్లు అన్నీ ఉంటాయి గానీ పెళ్ళికొడుకు మాత్రం విడాల్ పరీక్షే. పలాసలోనైనా టెక్కలిలోనైనా జ్వరమొచ్చినవాడికి ‘టైఫాయిడ్ పాజిటివ్’ అన్న కాగితం చేతిలో పడకపోతే పరీక్ష చేయించినట్టే ఉండదు. ఫెర్నాండ్ విడాల్ ఈ పరీక్షను పారిస్‌లో ప్రకటించింది 1896లో. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు కూత వేసింది 1900లో. ఆ బుల్లి పట్టాలు పీకేసి బ్రాడ్‌గేజ్ వేశారు. విడాల్ మాత్రం పాత గేజు మీదే, కిక్కిరిసిన ప్రయాణికులతో, నడుస్తూనే ఉంది.

రిపోర్టులో ‘ఓ 1:80, హెచ్ 1:160’ అని ఉంటుంది. దాన్ని పదో తరగతి మార్కుల్లా చదువుతారు: నూట అరవై వచ్చిందంటే గట్టి టైఫాయిడ్, ఎనభై అయితే మెతక టైఫాయిడ్. నిజానికి ఆ అంకె చెప్పేది ఒక్కటే. రక్తంలోని సీరాన్ని అన్ని రెట్లు పలుచన చేసినా, సీసాలో ఉన్న చచ్చిన టైఫాయిడ్ క్రిములను అది గుంపు కట్టించగలిగిందని. అంటే దొరికింది క్రిమి కాదు, ఆ క్రిమినో దాని చుట్టాన్నో ఎప్పుడో ఎదుర్కొన్న ప్రతిరక్షకాలు. అవి ఎప్పుడో వచ్చి పోయిన జ్వరానివి కావచ్చు, టీకావి కావచ్చు, మలేరియా, డెంగీల వల్లా పైకి తేలవచ్చు. తాగునీటిలో మురుగు కలిసే ఊళ్ళలో నిక్షేపంగా ఉన్నవాళ్ళకూ వస్తాయి. అందుకే ఆ ప్రాంతపు ఆరోగ్యవంతుల్లో ఎంత వరకు మామూలో ముందు తేల్చుకోవాలని, పది పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి నాలుగు రెట్లు పెరిగితేనే లెక్కలోకి తీసుకోవాలని పాఠ్యపుస్తకాలు మొత్తుకుంటాయి. పది రోజులు ఆగితే ప్యాకేజీ ఎవరు కొంటారు? పలక మీద రెండు చుక్కలు కలిపి, ఊపి, మసకగా కనిపించినదానికో అంకె వేస్తే సరి. తమాషా ఏమిటంటే, నిజంగా టైఫాయిడ్ ఉన్నవాడికి మొదటి వారంలో ఇది నెగెటివ్ రావచ్చు.

అంతటితో వదలరు. వారం సెలైన్లు, ఇంజెక్షన్లు అయ్యాక ‘తగ్గిందో లేదో’ చూడ్డానికి మళ్ళీ విడాల్. ‘ఓ’ రకం ప్రతిరక్షకాలు నెలల తరబడి, ‘హెచ్’ రకం ఏళ్ళ తరబడి నిలుస్తాయి. కాబట్టి మళ్ళీ పాజిటివే. ‘ఇంకా రక్తంలో ఉండిపోయింది’ అని ఇంకో కోర్సు. నూట అరవై ఎనభైకి దిగితే సగం నయమైనట్టు, తిరిగి నూట అరవైకి ఎక్కితే తిరగబెట్టినట్టు. ఇలా అయితే ఉప్పు మళ్ళలో పనిచేసేవాడికి టైఫాయిడ్ ఇంటిపేరైపోతుంది. ‘టైఫాయిడ్ ప్లస్ మలేరియా’ అనే జంట రోగం సంగతి నేనెత్తను.

నవ్వులాట ఇక్కడికి చాలు. ఇది ఉద్దానం. ఇక్కడ మూత్రపిండాల జబ్బు ఊళ్ళకు ఊళ్ళను తింటోంది. దాని కోసమే 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరవాల్సి వచ్చింది. అసలు కారణం తేలకపోయినా, నొప్పి మందులు మూత్రపిండాలకు చేటని అందరికీ తెలుసు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కూడా అంతే. అలాంటి గడ్డ మీద, లేని టైఫాయిడ్‌కు నరానికి యాంటీబయాటిక్, తుంటికి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పొడవడం వైద్యం కాదు, నేరం. ఇంకో ఘోరం: జీడితోటల్లో, పొదల్లో తిరిగేవాళ్ళను నల్లిలాంటి చిన్న పురుగుల పిల్లలు కుట్టి స్క్రబ్ టైఫస్ తెస్తాయి. 2025 చివర్లో రాష్ట్రమంతా ఆ పేరే వార్తల్లో మోగింది. దానికి చవకైన డాక్సీసైక్లిన్ మాత్ర పనిచేస్తుంది, టైఫాయిడ్‌కని ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. తప్పు కాగితాన్ని నమ్ముకుని పోగొట్టుకునే ఆ వారమే ఒక్కోసారి ప్రాణం ఖరీదు.

‘మరి ఇంజెక్షన్‌తో తగ్గింది కదా’ అంటారు. వైరల్ జ్వరాలు చాలావరకు ఇంజెక్షన్ చేయకపోయినా వారంలో తగ్గుతాయి. ‘ఊళ్ళో డాక్టరెక్కడ, ఆరెంపీయే దిక్కు’ అంటారు. నిజమే, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. నా కోపం ఆ కాగితం అమ్మేవాళ్ళ మీద. కాస్త బరువున్న వాదన ఒకటుంది: సరైన పరీక్ష బ్లడ్ కల్చర్ కదా, దానికి రోజులు పడుతుంది, అదీ టైఫాయిడ్ కేసుల్లో సుమారు సగమే పట్టుకుంటుంది. ఒప్పుకుంటాను. కానీ అది పాజిటివ్ అంటే క్రిమి చేతికి చిక్కినట్టే, ఏ మందుకు లొంగుతుందో కూడా అదే చెబుతుంది. పాకిస్తాన్‌లోని సింధ్‌లో (అక్కడా ఒక హైదరాబాదే) 2016లో మొదలైన మొండి టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగలేదు. ఆ సంగతి బయటపెట్టింది కల్చరే, విడాల్‌కు వెయ్యేళ్ళు గడిచినా తెలియదు. కాబట్టి మొదటి యాంటీబయాటిక్ పడకముందే కల్చర్‌కు రక్తం తీయాలి. మలేరియాకు వేలి నుంచి చుక్క, డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1, జ్వరం అయిదు రోజులు దాటితే స్క్రబ్ టైఫస్ ఎలీసా, ఒంటి మీద ఆ పురుగు కుట్టినచోట నల్లటి పక్కు కోసం వెతకడం. ఈ వెతకడానికి పైసా ఖర్చు లేదు, అందుకేనేమో ఏ ప్యాకేజీలోనూ లేదు. కనీసం విడాల్ రిపోర్టు అడుగున ‘ఈ ఒక్క పరీక్షతో టైఫాయిడ్ అని చెప్పలేం’ అని ఒక్క వాక్యం తెలుగులో అచ్చువేయమని జిల్లా అధికారులు ల్యాబులకు చెప్పొచ్చు, సిరా ఖర్చు తప్ప ఇంకేమీ కాదు.