చిటికెల రాక్షసుడూ, మా సుయోధనుడూ

మా రోజుల్లో విలన్ అంటే విలనేరా అబ్బాయ్. రాజనాల కనుబొమ ఎగరేస్తే చాలు, వీడు కొంప ముంచుతాడని చంకలో పిల్లాడికీ తెలిసిపోయేది. నేల టికెట్లో మా నాయనమ్మ మెటికలు విరిచి మరీ శాపనార్థాలు పెట్టేది. వాడెందుకు చెడ్డవాడయ్యాడు, చిన్నప్పుడు వాళ్లమ్మ అన్నం సరిగ్గా పెట్టిందా లేదా అని ఎవడూ ఆరా తీసిన పాపాన పోలేదు.

ఇప్పుడు మీ వరస చూడు. నిన్న సాయంత్రం అరుగు మీద మా మనవడూ వాడి నేస్తమూ, మార్వెలా డీసీనా అని గంటన్నర యుద్ధం. పక్కపక్కనే కూర్చుని, మొహాలైనా చూసుకోకుండా, ఫోన్లలో కొట్టుకుంటూ! థానోస్ చిటికేసి సృష్టిలో సగం ప్రాణుల్ని బూడిద చేశాడట. ఉన్నది అందరికీ చాలదని. అందులో న్యాయముందంటాడు మావాడు. ఒరేయ్, నోళ్లు సగమైతే చేతులూ సగమే కదరా, నాట్లకి మీ మామయ్యొస్తాడా?

రెండోవాడిది జోకర్ పార్టీ. 'డార్క్ నైట్'లో ఆ జోకర్‌కి పేరూ ఊరూ లేవు. మూతి మీద గాట్లెలా పడ్డాయో ఒక్కోచోట ఒక్కో కథ చెబుతాడు. మా ఊళ్లో అప్పు ఎగ్గొట్టేవాళ్లంతా ఆ బాపతే. పాపం, ఆ వేషం కట్టిన హీత్ లెడ్జర్‌కి పోయాక, 2009లో, ఆస్కార్ ఇచ్చారు. బాగానే కట్టాడులే. రెండుసార్లు చూశాను, రిమోటు దొరక్క.

జట్లు మాకు మాత్రం లేవనుకున్నావా? 1977 సంక్రాంతి, జనవరి 14. ఒకే భారతం, ఒకేరోజు రెండు సినిమాలు. 'దానవీరశూరకర్ణ'లో కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ ముగ్గురూ రామారావే, దర్శకత్వమూ ఆయనదే. దాదాపు 4 గంటల బొమ్మ, పులిహోర మూట కట్టుకుని వెళ్లాం. 'కురుక్షేత్రం'లో కృష్ణేమో అర్జునుడు, శోభన్‌బాబేమో కృష్ణుడు. ఈ తికమకలోనే సగం తగాదాలు. కైకాల సత్యనారాయణైతే ఈ హాల్లో భీముడు, ఆ హాల్లో దుర్యోధనుడు!

నేను రామారావు జట్టు, నా ప్రాణస్నేహితుడు కృష్ణ జట్టు. మాటా మాటా పెరిగి వాడు నా సైకిలు గాలి తీసేశాడు. నేను వాళ్ల చెల్లెలి పెళ్లికి వెళ్లి అన్నం ముట్టకుండా వచ్చేశాను. అరిసెలు తెచ్చుకున్నాననుకో, అది వేరే సంగతి. పౌరుషమంటే అదీ. మీలాగా వేలితో నొక్కి బ్లాక్ చేయడం కాదు.

"ఇంతకీ నువ్వు ఎవరి తరఫున కొట్లాడావు తాతయ్యా?" అన్నాడు మనవడు.

"దుర్యోధనుడి తరఫున. ఆయన బాధ ఆయనది, ఎవరికి తెలుసు..."

కిసుక్కున నవ్వాడు వెధవ. నవ్వితే నవ్వనీ.

రాత్రి 'ఎండ్‌గేమ్' పెట్టాడు. తెలుగులో థానోస్‌కి గొంతు మన రానాదే. నిద్ర ముంచుకొస్తున్నా ఒక్కచోట మాత్రం లేచి కూర్చున్నాను. అంత రాక్షసుడూ కవచం విప్పి కర్రకి తగిలించి, చేలో దిష్టిబొమ్మలా నిలబెట్టి, ఒక్కడే సేద్యం చేసుకుంటున్నాడు. ఈ హీరోలు మందగా వెళ్లి తల నరికేశారు. పంట చేతికొచ్చేదాకానైనా ఆగొద్దట్రా?