పెట్టేయకు బామ్మా

నేను బెంగళూరు ఐటీఐ కర్మాగారంలో పుట్టిన నల్లటి డయల్ ఫోన్‌ని. తెనాలిలో ఓ ఇంటి వసారాలో, గోడకి కొట్టిన చెక్క అర మీద చాలా ఏళ్లు ఉన్నాను.

ఓ ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి ఆరేళ్ల మనవడు "డోంట్ హ్యాంగ్ అప్, బామ్మా" అన్నాడు. బామ్మకి తెలిసిన హ్యాంగ్ ఉరిశిక్ష వార్తల్లోది. రిసీవర్ పట్టుకున్న చెయ్యి వణికింది. ఇంతలో కొడుకు అందుకుని, "ఫోన్ పెట్టేయొద్దంటున్నాడమ్మా, నేర్చుకున్న పద్యం అప్పజెబుతాడట" అన్నాడు. వేమన పద్యం. సగంలో మర్చిపోతే బామ్మే అందించింది.

ఈ హ్యాంగ్ అప్ అనే మాట మా పెద్దల కాలంది. 1876లో గ్రాహం బెల్‌కి పేటెంటు వచ్చాక వచ్చిన గోడ ఫోన్లలో, మాట్లాడే గొట్టం పెట్టెకే ఉండేది. చెవికి ఆనించుకునేది మాత్రం విడిగా ఉండేది. మాటలయ్యాక దాన్ని పక్కనున్న కొక్కేనికి తగిలించేవాళ్లు. ఆ బరువుకి కొక్కెం కిందికి దిగి లైను తెగేది. కోటు మేకుకి తగిలించినా ఇంగ్లీషులో హ్యాంగ్ అప్పే. నాకు కొక్కెం లేదు, రిసీవర్ కింద రెండు మీటలున్నాయి. అవి దిగితేనే మాటలయిపోయాయని ఎక్స్ఛేంజికి తెలుస్తుంది. రిసీవర్ కాస్త వంకరగా కూర్చుంటే చాలు, ఎవరు చేసినా ఎంగేజే. మన ఇళ్లలో చూసింది పెట్టడమే కాబట్టి మనవాళ్లు "పెట్టెయ్" అన్నారు.

అప్ తీసి ఆన్ చేరిస్తే అర్థం తిరగబడుతుంది. హ్యాంగ్ ఆన్ అంటే ఉండు, లైన్లోనే ఉండు అని. అప్ పక్కన ఆన్ కూడా చేరి హ్యాంగ్ అప్ ఆన్ అయితే మాత్రం నాకు గుండె గుభేలుమంటుంది. మన భాషలో మొహమ్మీదే పెట్టెయ్యడం. పొలం అమ్మకం మీద తండ్రీకొడుకులు మాటా మాటా అనుకున్న రాత్రి తాతగారు రిసీవర్ని విసిరికొట్టినట్టు పెట్టారు. నా ఒంటి మీద పగులు అప్పటిదే. ఆ తర్వాత నెల్లాళ్లు అమెరికా నుంచి నేను మోగలేదు.

ఇప్పుడు ఇంట్లో ఫోన్ హ్యాంగయిందంటే సెల్లు బిగుసుకుపోయిందని. మాటలయ్యాక ఎర్ర గుర్తు నొక్కి కట్ చేస్తారు. ఇంగ్లీషువాళ్లు దాన్నీ హ్యాంగ్ అప్పే అంటారు.

బామ్మ ఎన్నడూ ముందుగా పెట్టలేదు. "నువ్వే పెట్టెయ్ నాన్నా" అనేది. అవతల టక్కుమన్నాక కూడా కాసేపు రిసీవర్ చెవి దగ్గరే ఉంచుకునేది. తర్వాత కొంగుతో నన్ను తుడిచి, రెండు మీటలూ దిగాయో లేదో వేలితో తడిమి చూసేది.